ఎవరూ ఎక్కని కారు

బుల్లబ్బాయి నోట "లేదు" అన్న మాట విన్నవాళ్లు అమలాపురం మొత్తంలో ఒక్కరూ ఉండరు. బాకీ అడిగితే "ఆయ్, ఇచ్చేత్తానండి" అంటాడు. ఎప్పుడిస్తావయ్యా అంటే దానికీ "ఆయ్" అంటాడు. దేవసహాయం మాస్టారు అల్లవరం నుంచి ఆరుసార్లు బస్సెక్కి వచ్చి, ఆరుసార్లూ ఆ "ఆయ్"నే మూటగట్టుకుని వెళ్లారు. ఏడోసారి కారు రెండో తాళం జేబులో వేసుకుని మరీ వచ్చారు. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, మే నెల. ఎండకి తోడు ఒళ్లుమంట.

అది మిషన్ ఆసుపత్రి దొర స్వదేశం వెళ్లిపోతూ మాస్టారికి చౌకగా ఇచ్చిన అంబాసిడరు. కిందటేడు భార్య దీనమ్మకి జబ్బు ముదిరి కాకినాడలో చేర్చాల్సి వచ్చినప్పుడు, టాక్సీ తోలుకుంటానని అడిగిన బుల్లబ్బాయికి అమ్మేశారు. సగం రొక్కం, సగం నెలవాయిదాలు. ఆఖరి వాయిదా ముట్టేదాకా బండి కాగితాలు మాస్టారి పేరునే ఉండాలని రాసుకున్నారు. మూడు వాయిదాలు ఠంచనుగా వచ్చాయి. జూలైలో దీనమ్మ పోయింది. నాలుగో వాయిదా రాలేదు, ఆ తర్వాత ఏదీ రాలేదు.

వచ్చే జూలైకి ఏడాది జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి. ఈలోగా సమాధి కట్టించాలి. దీనమ్మ తర్వాత పోయినవాళ్లకి కూడా సిమెంటు సమాధులు లేచాయి, ఆవిడ మీద మాత్రం ఇంకా మట్టే. పోయిన వానలకి అది ఒకసారి కుంగింది. మాస్టారు తట్ట పట్టుకెళ్లి తనే పూడ్చుకున్నారు. ఆ పని మళ్లీ చేసే ధైర్యం ఆయనకి లేదు.

కారు టాక్సీ స్టాండులో కనిపించలేదు. పాత శిష్యుడు సూర్యారావు కాఫీ హోటలు వెనక దొడ్లో ఉంది. చక్రాల దాకా దుమ్ము, బానెట్టు మీద రెండు కోళ్లు.

"టాక్సీ తిరిగే బండికి ఇంత దుమ్మేమిటోయ్?" అన్నారు మాస్టారు.

సూర్యారావు కాఫీ గ్లాసు చేతికిచ్చాడు.

"దాన్నెవరు ఎక్కుతారు మాస్టారండీ? పది నెల్లయింది, సరైన కిరాయే లేదు. కాకినాడ నుంచి అమ్మగారిని తీసుకొచ్చింది దీంట్లోనే గదండి."

అవును, దీంట్లోనే. కాకినాడలో ఏ టాక్సీవాడూ ఒప్పుకోలేదు. శవం ఎక్కిన బండిని శుభకార్యాలకి ఎవరూ పిలవరు, అది వాళ్లకి బతుకుదెరువు సంగతి. కబురందగానే బుల్లబ్బాయి మారుమాట్లాడకుండా వచ్చాడు. దీనమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి, తల మాస్టారి భుజానికి ఆనించి, రావులపాలెం మీదుగా నడుపుకొచ్చాడు.

"కొత్తపేటలో రేడియేటర్లో నీళ్లు పోయడానికి ఆపేరంట గదండి," అన్నాడు సూర్యారావు. " ఎవడో లోపలికి తొంగిచూసేడు. ఇంకేముంది, ఊరూరా పాకిపోయింది. మొన్న మాఘమాసంలో ముమ్మిడివరం పెళ్లివారు తెలీక ఈ బండి మాట్లాడుకున్నారండి. సగం దారిలో పెళ్లికూతురు కెవ్వుమందంట. పక్కనెవరో ఒకావిడ కూచుని, 'అల్లవరం ఇంకా ఎంత దూరమమ్మా?' అని అడిగిందంటండి."

మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. ఆఖరి రాత్రి కాకినాడ వార్డులో దీనమ్మ అడిగిన మాట అదే. అప్పుడు పక్కన నర్సు కూడా లేదు. "దగ్గరే" అని ఆయన అబద్ధం చెప్పారు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, ప్రార్థనలో దేవుడికి కూడా.

దయ్యాలు లేవని ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి వెన్నులోంచి చలి పుట్టుకొచ్చింది. దాని వెనకే, చెప్పుకుంటే సిగ్గు, ఉక్రోషం కూడా వచ్చింది. అడగాలనుకుంటే నన్నడగొచ్చుగా, ఎవరో పరాయి పిల్లనెందుకు అడగడం?

ఇంతలో బుల్లబ్బాయి వచ్చి, భుజం మీది తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడొచ్చేరండీ?"

"నాకెందుకు చెప్పలేదు బుల్లబ్బాయ్?"

"ఏవని చెప్పమంటారండి? అమ్మగారిని ఎక్కించుకున్నాక నా పొట్ట మీద దెబ్బ పడిందని మీతో అంటానా? నోరెలా వత్తాదండి?" వాడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అయినా అంతా అబద్ధవండి. జనానికి భయం పోవాలని రోజూ అందులోనే పడుకుంటన్నాను. నాకెవరన్నా కనపడితే నా పిల్లల మీద ఒట్టు."

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్లకో సామెత ఉంది, మాస్టారి ఎదుట అనగలిగింది కాదు. దీనమ్మని ఇంటికి చేర్చిన పాపానికే దీనమ్మ సమాధికి డబ్బు పుట్టకుండా పోయింది. ఇప్పుడు ఎవరి మీద కేకలెయ్యాలో మాస్టారికి తెలియలేదు.

"తియ్యి బండి. అల్లవరం వెళ్లాలి. కిరాయి ఇస్తాను," అన్నారు.

కారు లాక్కుపోవడానికి వచ్చిన మనిషి కిరాయికి ఎక్కారు. కోళ్లని తోలి, నలుగురు తోస్తే కారు దగ్గుతూ కదిలింది. స్టాండులో డ్రైవర్లు నోట్లో బీడీలు తీసి చూశారు. మాస్టారు వెనక సీటు మధ్యలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఊరు దాటింది. కాలవ గట్టు వచ్చింది. ఆయన చెవులు రిక్కించారు. ఇంజను మోత తప్ప ఏమీ లేదు. సీటు మీద చెయ్యి వేసి తడిమారు. ఎండకి కాగిన రెక్సిను కాలింది, అంతే. ఎవరో పరాయి పిల్లకి కనపడ్డ మనిషి తనకి మాత్రం కనపడదా? ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ మీద ఆయనకి ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుంటూ ఉండిపోయారు.

అల్లవరం ఊరి మొగ కనపడుతుండగా ఉండబట్టలేక అడిగేశారు.

"బుల్లబ్బాయ్, అద్దంలో... ఎవరైనా ఉన్నారా?"

బుల్లబ్బాయి బండి నెమ్మది చేశాడు. అద్దంలో వాడి కళ్లు మాస్టారి మొహం మీద చాలాసేపు నిలిచాయి. ఆ తర్వాత పక్కకి తిరిగాయి.

"కాస్త జరిగి కూచోండి మాస్టారూ," అన్నాడు మెల్లగా. "అమ్మగారికి ఇరుగ్గా ఉంది."

మాస్టారు కిటికీ వైపు జరిగారు.