చుట్టూ కూర్చుని చూసే చోటు

సూదిపిన్ని అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. చిరిగిన బట్ట ఏదైనా ఆమె చేతిలో పడిందంటే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. అలాంటి చేతులు ఏడాదిగా చచ్చుబడుతున్నాయి. బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది. కత్తెర పట్టు జారిపోతోంది. చిన్నాచితకా ఆసుపత్రులన్నీ తిరిగి, చివరికి మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చేరింది. తోడుగా అక్క వచ్చింది.

రకరకాల పరీక్షలు చేశారు గానీ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక ఉదయం వార్డుబాయ్ చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు.

"రామ్మా, పెద్ద డాక్టరుగారు థియేటర్‌కి తీసుకురమ్మన్నారు."

అక్క మొహం వెలిగిపోయింది. "చెప్పానా, ఆపరేషన్ చేస్తారని! పొద్దున్నుంచి ఏమీ తినలేదుగా?"

"కాఫీ కూడా తాగలేదక్కా."

"మంచిదైంది," అంటూ అక్క ఆమె చెవికమ్మలు తీసి తన చేతిసంచిలో దాచింది.

తలుపు తెరుచుకోగానే సూదిపిన్ని బిత్తరపోయింది. బల్లలు మెట్లు మెట్లుగా, అర్ధచంద్రంలా వంపు తిరిగి పైకప్పుదాకా లేచాయి. వాటినిండా తెల్లకోట్ల పిల్లలు. అడుగున కాస్త ఖాళీ జాగా, ఒక మేజా. ఆపరేషన్ ఇంతమంది చూస్తారా అనుకుంది. పెద్దాసుపత్రి కదా, ఇక్కడి పద్ధతి ఇదే కాబోలని మనసుకు సర్దిచెప్పుకుంది.

పెద్ద డాక్టరు ఆమె చేతిని దీపం కిందకు లాగి, గుంటపడిన చోట వేలుపెట్టి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. పై వరుసలవాళ్లు మెడలు సాచారు.

"ఏం పని చేస్తావమ్మా?"

"బట్టలు కుడతానండీ."

"అయితే ఈ సూదిలో దారం ఎక్కించు."

బాగా చేస్తే ఆపరేషన్ తేలికవుతుందేమోనని ఆమె ఊపిరి బిగబట్టింది. దారం కొస నోటితో తడిపింది. సూది జారిపోయింది. మళ్లీ తీసింది, మళ్లీ జారింది. పైన ఎవరో కిసుక్కున నవ్వారు.

"చూశారా?" డాక్టరు గొంతులో సంతోషం. "ఇంత స్పష్టమైన కేసు మళ్లీ దొరకదు."

ఒకమ్మాయి లేచింది. "సార్, దీనికి ట్రీట్‌మెంట్?"

"లేదు. ఇప్పుడు చేతులు. తర్వాత కాళ్లు, మాట, మింగడం. ఆపైన ఊపిరి. అందుకే కళ్లారా చూసి గుర్తుపెట్టుకోండి."

పిల్లలతో అంతసేపూ ఇంగ్లీషులో మాట్లాడినవాడు ఆ ముక్క మాత్రం ఆమెకు అర్థమయ్యే భాషలోనే అన్నాడు.

"మరి ఆపరేషనండీ?" అంది సూదిపిన్ని.

"ఆపరేషనా? ఎవరు చెప్పారు?"

"థియేటర్ అన్నారుగా."

ఈసారి నవ్వు గట్టిగానే లేచింది. డాక్టరూ నవ్వాడు. "ఇది ఆపరేషన్ థియేటర్ కాదమ్మా, ఆంఫీథియేటర్."

"అంటే?"

ఇందాక లేచిన అమ్మాయే తలొంచుకుని చెప్పింది. "చుట్టూ కూర్చుని చూసే చోటండీ. పూర్వం మనుషుల్ని మృగాల ముందుకు తోసి చూసేవాళ్లట. ఇప్పుడు పాఠాలు చెప్తున్నారు."

"ఓహో. అయితే చూడటం అయిపోయిందామ్మా?"



వార్డులో అక్క ఎదురొచ్చింది. "అప్పుడే అయిపోయిందా? కట్టు కట్టలేదేం?"

"చూశారక్కా. బాగా చూశారు. చేతులు ఇక బాగుపడవట." మిగతాది గొంతులోనే మింగేసింది.

మర్నాడు వార్డుబాయ్ మళ్లీ వచ్చాడు. ఇంకో బ్యాచ్ పిల్లలు చూడాలట.

"రాను," అంది.

"పెద్ద డాక్టరుగారికి కోపమొస్తుందమ్మా."

"రానీ. పులిని తోలుకొస్తే అప్పుడొస్తానని చెప్పు."

మధ్యాహ్నానికల్లా డిశ్చార్జి చేసేశారు. మంచం ఇంకెవరికో కావాలట.

ఇంటికొచ్చాక మిషన్ ముందు అక్కని కూర్చోబెట్టింది. తను పక్కన స్టూలేసుకుని నోటితోనే పని నేర్పసాగింది. అక్కకి వేళ్లు మొద్దు. గీసిన గీత ఒకదారి, కుట్టు ఒకదారి. చూసీ చూసీ సూదిపిన్నికి ఒళ్లు మండిపోయింది.

"నీ చేతులు పడిపోనూ! గుడ్డ పాడుచేశావు కదే!"

మిషన్ ఆగిపోయింది. నోరు జారిన మాట ఇద్దరి మధ్యా అలాగే నిలబడిపోయింది.

అక్క గుడ్డ తిప్పి, బ్లేడుతో ఒక్కో కుట్టే విప్పడం మొదలుపెట్టింది.