కాలువ యెండులోపల

వైశాఖము ప్రవేశించెను. దాళ్వా కోతలు ముగిసి మోళ్లు మాత్రమే మిగిలిన చేలయందు ప్రచండమార్తాండకిరణములు నిర్దయముగా నర్తించుచుండ మామిడికొమ్మలలోని కోకిల సైతము గొంతు బొంగురుపోయి మధ్యాహ్నమునకే మౌనము వహించుచుండ కోనసీమ భూభాగమంతయు ఆవము నుండి అప్పుడే తీసిన కుండవలె సెగలు గ్రక్కుచుండెను. ఆ తాపమునకు లోబడనిది ఒక్క కాలువయే. ఉభయతీరనారికేళచ్ఛాయాసంవృతమై గట్టుల నొరసికొనుచు మందగమనమున సాగు ఆ జలమునందు పిల్లలు ఉదయమాదిగా కప్పలవలె దూకుచు తేలుచు కాలము మరచియుండిరి. అయినను ఆ వైభవము చిరకాలము నిలుచునది కాదు. పంటలకు నీటితో పని తీరినంతనే అధికారులు ఎగువను నీరు నిలిపి కాలువను ఎండగట్టి పూడిక తీయించుట ఏటేట జరుగు తంతు. కాలువ ఇట్లు కట్టివేసిన పిదప నెలన్నర దినములు పిల్లలకు ఈత లేదు.

కొత్తలాకు వద్ద లస్కరు ఉద్యోగము చేయు త్రిమూర్తులు ఈ తంతును ఇరువదిరెండు వేసవుల నుండి తన చేతుల మీదుగా నడిపినవాడు. లాకు తలుపులను ఎత్తుటయు దింపుటయు నీటిమట్టమును కనిపెట్టుటయు అతని పని. జీతము లేని పని మరియొకటి కలదు. లాకు వద్దనున్న ప్రభుత్వగృహములలోని పిల్లలు పదియవ యేట అడుగిడిన వేసవిలో ఈత నేర్చుకొని తీరవలెననుట అచ్చటి కట్టుబాటు. నీటిప్రక్కను కాపురముండువారికి అది వేడుక కాదు అవసరము. నలువదిమందికి పైగా పిల్లలు అతని అరచేతిమీద బోర్లపడి కాళ్లు కొట్టి ఈత నేర్చినవారే. ఈ యేడు పదియవ యేట అడుగిడినది అతని ఏకైక పుత్రిక ప్రవల్లిక.

విధి మాత్రము వేరొక కట్టుబాటును తెచ్చి ఆ ఇంట నిలిపెను. మాఘమాసమున త్రిమూర్తులు మెడప్రక్కను ఉసిరికాయంత గడ్డ యొకటి పైకి తేలెను. కాకినాడ వైద్యులు దానిలో ఒక ముక్కను కోసి పరీక్షించి అది గ్రంథులకు పుట్టిన కేన్సరని తేల్చి ఇరువదియొక్క దినముల కొకటి చొప్పున ఆరు మోతాదుల మందు ఎక్కింపవలెననిరి. మాటిమాటికి సూదులు గ్రుచ్చు బాధ తప్పుటకై అతని ఎడమదండలోని నరమున సన్నని గొట్టము నొకదానిని అమర్చి పైన పట్టీ అంటించిరి. ఆ గొట్టమునకు తడి తగులరాదు. కాలువనీటిలో కాలు పెట్టరాదు. నెత్తురులోని తెల్లకణములు క్షీణించిన దశలో కాలువమురికి ఏ కొంచెము సోకినను ప్రాణాపాయమని డాక్టరు ఒకటికి రెండుమారులు చెప్పి మూడవమారు అతని భార్యకు చెప్పెను.

ఆ భార్య అనంతలక్ష్మి. ఆమె గోడమీది కేలండరునందు మందు ఎక్కించు దినములకు ఎఱ్ఱసున్న చుట్టి తక్కిన దినములను మూడు వారములుగా విభజించెను. మొదటివారము వాంతులకును రెండవవారము నీరసమునకును పోగా మూడవవారము మాత్రమే మనుష్యుడు మనుష్యునివలె ఉండును. వేసవి వేడుకలన్నియు ఆ మూడవవారములోనే ఇముడవలెను. అంతర్వేది సముద్రస్నానము ఇమడలేదు. ఆమె చెల్లెలి గృహప్రవేశము ఇమడలేదు. తాండ్ర పోయుటకు ఈ యేడు ఎవరికిని ఓపిక లేదు. ఒక్కొక్కదానిని ఆమె నిశ్శబ్దముగా కొట్టివేయుచుండ ప్రవల్లిక ఏమియు అడుగక చూచుచుండెను. ఈత దగ్గర పెన్సిలు ఆగెను. ఎఱ్ఱసున్న బుధవారమున పడినది. కాలువ కట్టుట దానికి ముందటి మంగళవారమున. మూడవవారము మొదలుకొని కాలువ కట్టులోపల మిగిలినవి ఆరు దినములు.

ధర్మారావను తోటి లస్కరు చేత నేర్పింతమని అనంతలక్ష్మి సూచించెను. వాడును చిన్ననాడు ఈ రేవుననే ఈత నేర్చినవాడు గదా యని గుర్తుచేసెను.

"వాడికి నేర్పటానికే నాకు రెండు వేసవులు పట్టిందే. దీన్ని వాడి చేతిలో పెడితే పెళ్లీడొచ్చేదాకా నడుముకి డబ్బా కట్టుకునే తిరుగుద్ది" అని త్రిమూర్తులు తేల్చివేసెను.

అది పైకి చెప్పిన కారణము. చెప్పని కారణము వేరొకటి కలదు. వచ్చు వేసవికి కాలువ తప్పక నిండును. గట్టున తానుండునో లేదో డాక్టరు కూడ చెప్పలేడు. కూతునకు తన చేతిమీదుగా ఇచ్చిపోదగినది ఈ విద్య యొక్కటియే యని అతడు నిశ్చయించుకొనెను.

నీటిలోనికి దిగని గురువు ఈత నేర్పు విధమెట్టిది. త్రిమూర్తులు మూడు బారల వెదురుగడ నొకదానిని తెచ్చి రేవుమెట్టు మీద కుర్చీ వేసికొని జుట్టు రాలిన తలకు తువ్వాలు చుట్టుకొని ఆసీనుడయ్యెను. బాలిక నడుమునకు ఖాళీ నూనెడబ్బా కట్టి గడకొన ఆమె చేతికందించి కాళ్లు కొట్టుమనెను. మందు వేడికి నోరంతయు పొక్కి అతని స్వరము మూలుగువలె వెడలుచుండుటచే అనంతలక్ష్మి మోకాలిలోతు నీటిలో నిలిచి ఆ మాటలనే బిగ్గరగా మరల పలుకుచుండెను. ఈత ఎరుగని ఆమె నోట ఈతపాఠములు వినుచు బట్టలుతుకు స్త్రీలు ముసిముసినవ్వులు నవ్విరి. తల్లికి రాని విద్యను తల్లియే నేర్పుచున్నదని ఒకతె వేళాకోళమాడగా అనంతలక్ష్మి తాను మైకు మాత్రమేనని బదులిచ్చి వారిని మరింత నవ్వించెను. మూడవనాటికి ప్రవల్లిక గడను విడిచెను. డబ్బాను మాత్రము విడువదు. ముడి కొంచెము సడలినను రెండు చేతులను వెనుకకు పెట్టి దానిని తడిమిచూచుకొనును. సోమవారమున విప్పింతునని త్రిమూర్తులు తలంచియుండెను.

శుక్రవారము మధ్యాహ్నమున ధర్మారావు సైకిలు దిగి గుమ్మము వద్దనే నిలువబడెను.

"బాబాయ్, కట్టేది మంగళారం కాదంటండి. రేపే. పైనించి ఫోనొచ్చింది. పొద్దున్నే ఎనిమిదింటికి తలుపులెత్తేసి ఉన్న నీళ్లు దిగువకి వదిలేయమన్నారు."

ధర్మారావు ఇంటిలోనికి తొంగిచూచి స్వరము తగ్గించెను.

"గొలుసు పట్టేసిందని చెప్తానండి. రెండ్రోజులు ఎవరూ అడగరు. ఈలోగా అమ్మాయి డబ్బా ఇప్పేయచ్చు."

ఆ రెండు దినములు ఎంతటి ఆశను చూపెనో త్రిమూర్తులు ముఖమున కొంతసేపు కనబడెను. పిమ్మట అతడు తల అడ్డముగా త్రిప్పెను.

"దిగువ పూడికతీతకి మనుషులు దిగిపోయుంటారురా. రెండ్రోజులాపి వదిల్తే ఆ నీళ్లు ఎవరి మీదకి పోతాయి. టైముకి ఎత్తెయ్."

శనివారమున ఆరుగంటలకే మువ్వురును రేవు చేరిరి. రేవునకు పది బారల దూరమున కాలువ నడుమ వెనుకటి కఱ్ఱవంతెన కూలిపోగా మిగిలిన ఇటుకస్తంభ మొకటి కలదు. డబ్బా లేకుండ అచ్చటికి పోయి దానిని ముట్టి మరలి వచ్చినవారికి ఈత వచ్చినట్లు. ప్రవల్లిక డబ్బా విప్పుటకు గంటన్నర పట్టెను. బుజ్జగించిరి. ఆశ పెట్టిరి. తల్లి కోపగించెను. తుదకు బాలిక తానే ముడి విప్పి డబ్బాను మెట్టుమీదకు విసరి ముక్కు మూసికొని దూకెను. చేతులు విసరుచు నీరు మ్రింగుచు తల పైకెత్తి ఎత్తి ఎట్లో స్తంభమును చేరి దానిని రెండు చేతులతో కౌగిలించుకొనెను.

అంతవరకు బాగుగనే జరిగెను. మరలి రావలసిన సమయమునకు ఆమె చేతులు విడువలేదు. పాచిపట్టిన ఇటుకల కంటుకొని బల్లివలె నిలిచి వణకుచు వెనుదిరిగి చూచెను.

"నాన్నా, నాకు రాదు. వదిలేస్తే మునిగిపోతాను."

త్రిమూర్తులు ఏదో చెప్పెను. అది ఆమెను చేరలేదు. అనంతలక్ష్మి దానిని అరచి చెప్పెను. అది చేరినను ఫలము లేకపోయెను. గడ చాచిరి. అది దూరములో మూడవవంతునకైనను అందలేదు. లాకువైపు నుండి ఇనుపచక్రము తిరుగు కిరకిర శబ్దము వినవచ్చెను. ఎనిమిదియైనది. ధర్మారావు ఆజ్ఞ మేరకు తలుపులు ఎత్తుచున్నాడు. నిశ్చలముగా నున్న నీటిమీద కొబ్బరిమట్ట యొకటి మెల్లగ కదలి లాకువైపు పోవ నారంభించెను. ఇక కొన్ని నిమిషములలో ఆ లాగుడు పెద్దవానిని సైతము నిలువనీయదు. ఈ సంగతి ఆ మువ్వురిలో త్రిమూర్తులొక్కనికే పూర్తిగా తెలియును.

"నేను పరిగెత్తి ఆపిస్తాను. మీరు మాత్రం దిగకండి. నా మీదొట్టు" అని అనంతలక్ష్మి చీరకుచ్చెళ్లు ఎగదోపికొని గట్టువెంట పరుగెత్తెను.

ఆమె వంపు తిరుగువరకు అతడు ఆగెను. అనంతరము తువ్వాలును కుర్చీమీద వైచి మెట్లు దిగెను. మొదట పాదములు మునిగెను. తరువాత మోకాళ్లు మునిగెను. నాలుగు నెలల వ్యాధిచే కృశించిన కాళ్లు నీటిబరువునకు తడబడెను. గొట్టమున్న ఎడమచేతిని ఆకాశమువైపు నిటారుగ ఎత్తి కుడిచేతితో నీటిని త్రోయుచు అతడు మొలలోతునకు చేరెను. ఒంటిచేతితో పది బారలు పోగలనా యను లెక్క అతని మనసున లేదు. అతడు పోవుటయే తెలిసినవాడు. మరియొక అడుగు వేయబోగా అడుగున బురద జారి అతడు ప్రక్కకు ఒరగి మెడవరకు మునిగి మరల లేచి నిలిచెను. ఎత్తిన చేయి మాత్రము దిగలేదు.

స్తంభము నుండి ఆ దృశ్యమును చూచిన బాలిక తన భయమును మరచెను. ఆసుపత్రినుండి వచ్చిన మొదటినాడు ఆ గొట్టమును చూచి ఇది తడిస్తే ఏమౌతుందని అడిగినది ఆమెయే. ఆ ప్రశ్నకు తల్లి సమాధానము చెప్పక ఏడ్చినది.

"నాన్నా, దిగకు. గొట్టం తడిసిపోద్ది. అక్కడే ఉండు, నేనే వస్తన్నాను."

ఆ మాట ముగియకమునుపే ఆమె చేతులు ఇటుకలను విడిచెను. ఈ మారు ఆమె ముక్కు మూసికొనలేదు. కాళ్లు ఎట్లు కొట్టవలెనో ఎవరును చెప్పలేదు. మొదలిడిన ప్రవాహము ఆమెను ప్రక్కకు లాగుచుండగా ఏటవాలుగ నీటిని కోసికొనుచు కన్నులు తండ్రిమీదనే నిలిపి పది బారలను దాటివచ్చి అతని చొక్కాను పిడికిట పట్టుకొనెను.

"నీకెవరు దిగమన్నారు నాన్నా" అని ఒగర్చుచునే గద్దించి అతనిని మెట్లవైపు లాగెను.

అనంతలక్ష్మియు ధర్మారావును పరుగున వచ్చునప్పటికి తండ్రీకూతుండ్రు మెట్టుమీద కూర్చుండి నీరోడుచుండిరి. అనంతలక్ష్మి భర్త నేమియు అనలేదు. పట్టీ అంచు తడిసియుండుట చూచి పొడిగుడ్డ చుట్టి అరగంటలో ఆటోలో అమలాపురము తీసికొనిపోయెను. అచ్చటి నర్సు తన వాటాతో ఆమె వాటా చీవాట్లును కలిపి పెట్టి పట్టీ మార్చి గొట్టము శుభ్రపరచి మూడు దినములు పూటపూటకు జ్వరము చూచుకొని ఏ మాత్రము వెచ్చబడినను తక్షణము రావలెనని పంపివైచెను. ఆ మూడు దినములలో మొదటిదే ఇంకను ముగియలేదు. ఏమి జరుగునో ఎవరికిని తెలియదు.

సాయంకాలమునకు కాలువ ఎండెను. అడుగున బురదయు అచ్చటచ్చట మడుగులును మిగులగా పిల్లలు వాని చుట్టును చేరి చేపపిల్లలను పట్టుచుండిరి. త్రిమూర్తులు గట్టున చెట్టునీడను కుర్చీలో కూర్చుండియుండెను. ప్రవల్లిక తోటివారిని ప్రోగుచేసి మెట్ల దిగువనున్న ఒకచోటు చూపుచు ఉదయపు వృత్తాంతమును చెప్పుచుండెను. చెప్పిన కొలది ప్రవాహము పెరిగెను. తండ్రి మూడుమార్లు మునిగెను.

"ఊరుకోవే. మాకందరికీ ఈత నేర్పింది మీ నాన్నే. ఆయన మునగడమేంటి, నువ్వు తేవడమేంటి" అని వారిలో పెద్దపిల్ల యొకతె ఎగతాళి చేసెను.

అందరును తీర్పునకై త్రిమూర్తులువైపు తిరిగిరి. నీరింకిన కాలువలో ప్రవల్లిక చూపుచున్న చోటు ఎంతలోతో ఇప్పుడు చిన్నపిల్లలకు సైతము కనబడుచుండెను. మనుష్యుడు మునుగదగినంత గొయ్యి అచ్చట లేదు. త్రిమూర్తులు కూతుముఖమును కొంతసేపు చూచెను.

"నిజమేనర్రా. ఇది రాకపోతే ఈపాటికి నేను లేను" అనెను.

లస్కరు నీటిని గూర్చి చెప్పిన మాటకు ఆ గట్టున ఎదురులేదు. పిల్లలు మరల ఆ చోటును భయభక్తులతో చూచిరి. ప్రవల్లిక ఇంకేమియు చెప్పనక్కరలేక చేతులు కట్టుకొని నిలిచెను. బిడ్డను రక్షించిన తండ్రులు లోకమున ఎందరో కలరు. బిడ్డచే రక్షింపబడితినని నలుగురిలో ఒప్పుకొనుట రక్షించుటకంటె కఠినమైన పనియని త్రిమూర్తులు ఎరుగును. అయినను ఆ వేసవిలో తాను ఈయదగిన దానము అదియే యని అతనికి తోచెను.