తలో చెయ్యి

ఇళ్ల సామాన్లు మార్చే మా జట్టులో నన్ను అసలు పేరుతో ఎవరూ పిలవరు. తలోచెయ్యి అంటారు. వ్యాను ఆగగానే నేనే ముందు దూకి, "రండి, తలో చెయ్యి వేద్దాం, చిటికెలో అయిపోతుంది" అని అరుస్తాను మరి. ఆ మాటకు అర్థం పసిపిల్లలకైనా తెలుసు, అందరూ తలా కొంచెం మోయడం. నాకూ తెలుసు. తెలిసే, చెయ్యి మాత్రం వేసేవాణ్ణి. పళ్లు బిగించి, "అబ్బా" అని మూలిగి, బరువంతా అవతలివాడి మీదికి నెట్టేసేవాణ్ణి. ఎంత సిగ్గుమాలిన పనో ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

ఆ అవతలివాడు మా బావ, అక్క మొగుడు. మూడేళ్ల కిందట నన్ను ఈ పనిలో పెట్టించిందీ ఆయనే. మెట్లెక్కేటప్పుడు కింది కొసకు బరువెక్కువ. "కింద నేనుంటాలేరా" అని ఎప్పుడూ ఆయనే కిందుండేవాడు.

నెల కిందట ఇనప బీరువా ఎక్కిస్తూ, మెట్ల మలుపులో చెమట తుడుచుకోవడానికి ఒక చెయ్యి తీశాను. రెండోది ఉత్తినే ఆనించి ఉంది. బీరువా జారింది. దానికీ గోడకూ మధ్య బావ బొటనవేలు నలిగిపోయింది. తలుపుకున్న అద్దం భళ్లున పగిలింది. మాకు పనిచ్చే వ్యాను ఓనరు పరుగెత్తుకొచ్చి "ఎవడు వదిలేశాడు?" అన్నాడు. నేను వంగి అద్దం ముక్కలు ఏరసాగాను.

"నా పట్టే జారినట్టుంది సార్" అన్నాడు బావ. నిజంగానే అలా అనుకున్నాడు పాపం.

"వయసైపోతోందయ్యా నీకు. వేలు మానాక ఒక్కసారి చూస్తా. మళ్లీ జారిందో, ఇంక ఇంట్లో కూర్చో" అన్నాడు ఓనరు.

ఆ నెల్లాళ్లూ అక్క వడ్డిస్తుంటే తలొంచుకునే తిన్నాను. "బావ చేతుల్లో సత్తువ తగ్గిందంటావా తమ్ముడూ?" అని అడిగిందొక రోజు. "ఏమో అక్కా" అన్నాను. ఛీ, నాదీ ఒక నోరేనా!

ఇవాళే ఆ పరీక్ష. అలాంటిదే బీరువా, అలాంటివే ఇరుకు మెట్లు. ఓనరు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈసారి నిజంగా ఎత్తాను. అమ్మో, ఇంత బరువా ఇది! నడుము కలుక్కుమంది, కళ్లు బైర్లు కమ్మాయి. అయినా వదల్లేదు.

మలుపులో బావ ఆగాడు. "ఒరే, ఇదేంట్రా ఇంత తేలిగ్గా ఉంది? లోపల అరలు తీసేశారా?"

"లేదు బావా, అన్నీ ఉన్నాయి" అన్నాను.

పైన దించగానే ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే అక్కకు ఫోను చేశాడు. "ఏమేవ్, నా బలం ఎక్కడికీ పోలేదు! బీరువా పూచికపుల్లలా లేచింది!" వెనకాలే పైకొచ్చిన ఓనరు కూడా సరేనన్నట్టు తలూపాడు. అక్కడితో నోరు మూసుకుంటే అందరికీ మంచిదే. నా వల్ల కాలేదు.

"సార్, ఆ రోజు జారింది బావ పట్టు కాదు, నాది. అసలు నేను పట్టుకుంటేగా జారడానికి!" అన్నాను. "ఆ ఒక్క రోజే కాదు బావా. ఏనాడూ నీతో సగం మోయలేదు నేను. మూడేళ్లుగా నువ్వొక్కడివే మోస్తున్నావు."

ఇంకా ఫోనులోనే ఉన్న అక్క "ఏంట్రా తమ్ముడూ?" అంది. ఓనరు ఏదో అనబోతే బావ చెయ్యెత్తి ఆపాడు. వంకర తిరిగిన తన బొటనవేలిని కాసేపు చూసుకున్నాడు. తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది.

"వ్యానులో మంచం మిగిలుంది, పద" అన్నాడు. "ఈసారి కింద నువ్వుండు."