జీవరాజుగారి జీపు, మురుగుకాలవ గట్టు

జీవరాజుగారి జీపుకి ఇరవై ఆరేళ్ళు. చేలగట్ల మీదా, మోకాటిలోతు బురదలోనూ తిరిగి తిరిగి దానికి రోజుకొకటి ఊడటమో కారటమో మామూలైపోయింది. కొత్తగా పట్టుకున్న జబ్బు డీజిల్ ట్యాంకుది. డ్రైవరు సీటు కింద ఉండే ఆ ట్యాంకు అడుగున, అతుకు దగ్గర సన్నని చీలిక వచ్చి డీజిల్ చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది.

ట్యాంకు దింపి అతకాలి, రెండు రోజులు బండి వదిలి వెళ్ళమన్నాడు భీమవరం మెకానిక్కు. జీపు లేకుండా రెండు రోజులా? అంతకంటే అన్నం మానమన్నా మానేవారాయన. లారీ డ్రైవరెవరో చెప్పిన చిట్కా పట్టుకున్నారు. ఒంటిసబ్బు ముక్క నలిపి చీలికలో కూరితే చాలు, డీజిల్ ఆగిపోతుంది. ఆశ్చర్యంగా, ఆగింది. వారం తిరక్కుండా ఇంట్లో సబ్బులు మాయమవడం మొదలెట్టాయి.

“ఈ ఇంట్లో మనుషుల కంటే జీపుకే ఎక్కువ స్నానాలవుతున్నాయండీ,” అన్నారు ఆయన భార్య జానకీదేవి.

ఆవిడ ఎగతాళికి ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆవిడ అన్నగారు అబ్బాయిరాజు అన్నమాటే మనసులో ముల్లులా ఉండిపోయింది. మురుగుకాలవ గట్టు కింద అబ్బాయిరాజుగారికి పన్నెండెకరాల రొయ్యల చెరువులున్నాయి. ఒకరోజు జీపు అటు తిరగడం చూసి దారికి అడ్డంగా వెదురుబొంగు కట్టించారు.

“మీరు రండి బావా, భోంచెయ్యండి, పడుకోండి. ఆ బండి మాత్రం నా చెరువుల దగ్గరికి రాకూడదు. డీజిలు చుక్క పడితే రొయ్య బతకదు,” అన్నారు, పదిమందిలో.

తప్పేమీ లేదు. రొయ్యలు పెంచేవాడి భయం వాడిది. కానీ జీవరాజుగారు ఆ రోజు నుంచి బావమరిది గుమ్మం తొక్కలేదు.

తొంభై ఎనిమిది అక్టోబరులో మూడు రోజులు వాన విడవకుండా కొట్టింది. సముద్రం పోటు మీద ఉండటంతో కిందికి పోవలసిన నీళ్ళు పోలేదు. మురుగుకాలవ నిండి, గట్టు పైఅంచుకి జానెడు దూరంలో కదలకుండా నిలబడిపోయింది. గట్టు తెగితే ముందు అబ్బాయిరాజుగారి చెరువులు, ఆ వెంటనే అరవై ఇళ్ళ ఊరు. ఊళ్ళో మొదటి ఇల్లు జీవరాజుగారిదే.

నాలుగోనాటి పొద్దున వాన తెరిపిచ్చింది. అమ్మయ్య అనుకునేంతలో, కాలవలు కాసే లస్కరు వెంకన్న ఒళ్ళంతా బురదతో పరిగెత్తుకొచ్చాడు.

“రాజుగారూ, గట్టు అడుగున ఊరివైపు నీళ్ళు పైకి తన్నుతున్నాయండి! తేటనీళ్ళయితే పర్లేదండి. బురద నీళ్ళొస్తున్నాయండి. లోపల మట్టి కరిగిపోతందండి, ఆయ్!”

ఆ బురదలో గట్టెక్కగలిగిన బండి చుట్టుపక్కల ఒక్కటే ఉంది. ఇసుక బస్తాలు నింపుకుని, వెదురుబొంగు ఎవరు తీశారో కూడా చూడకుండా, జీవరాజుగారు జీపు పైకి ఎక్కించారు.

గట్టు మీద యాభై మంది ఉన్నారు. ఊరివైపు వేసిన బస్తాల్ని నీళ్ళు పక్కకి నెట్టేస్తున్నాయి. నీళ్ళు లోపలికి దూరుతున్న కన్నం కాలవ వైపు ఎక్కడో ఉంది. దాన్ని మూయాలి. అది ఎక్కడ? వెదుళ్ళు పెట్టి పొడుస్తున్నారు, కాళ్ళతో తడుముతున్నారు. ఒకడు ఇక్కడంటాడు, ఇంకొకడు కాదు అక్కడంటాడు. ఎర్రటి నీళ్ళు ఏమీ ఎరగనట్టు నిండుగా నిలబడి ఉన్నాయి. అబ్బాయిరాజుగారు గొంతు పోయేలా అరుస్తున్నారు. మధ్యలో ఒకసారి జీపు కేసి చూసి, మళ్ళీ నీళ్ళ వైపు తిరిగారు.

బస్తాలు దింపేశాక జీవరాజుగారి ముక్కుకి వాసన తగిలింది. వంగి చూస్తే ట్యాంకు అడుగు నుంచి డీజిల్ సన్నటి ధార కట్టింది. మూడు రోజుల వానకి సబ్బంతా పోయింది. డీజిల్‌కి కరగని సబ్బు నీళ్ళకి కరుగుతుందన్న సంగతి, యాభై ఎనిమిదేళ్ళ మనిషికి, ఆ నిమిషం దాకా తట్టలేదు.

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. బావమరిది చూసేలోగా మూసెయ్యాలని గట్టు వాలు మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. ధార అప్పటికే వాలు వెంట జారి కాలవలో పడుతోంది. నీళ్ళ మీద డీజిల్ పల్చగా పరుచుకుని, ఊదా, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో మెరుస్తోంది. చెయ్యి చాపబోయి ఆగిపోయారు.

ఆ రంగులు కదులుతున్నాయి.

గాలి పడమటి నుంచి వీస్తోంది. పొర గాలికి ఎదురు పోతోంది. ముందు చాపంత వెడల్పు, తర్వాత జానెడు, తర్వాత దారమంత. పది గజాల అవతల ఆ దారం గుండ్రంగా తిరిగి, తిరిగి, నీళ్ళ లోపలికి దిగిపోతోంది. నూనె నీళ్ళలో మునగడం ఆయన పుట్టి ఎన్నడూ చూడలేదు. ఎవరో నీళ్ళకి అవతల కూర్చుని ఆ రంగుల దారాన్ని నెమ్మదిగా లాక్కుంటున్నట్టుంది. భయం వేసింది, అంతకంటే ఎక్కువగా దణ్ణం పెట్టాలనిపించింది.

“వెంకన్నా! కన్నం అదిగోరా!”

అందరూ వచ్చి చూశారు. వెంకన్న నడుముకి తాడు కట్టుకుని, రంగులు మాయమయ్యే చోట నీళ్ళలోకి దిగాడు. చంకల లోతులో ఆగి కాలు ఆడించాడు.

“తగిలిందండీ! కాలు లాగేస్తందండీ! బిందె పట్టేంత ఉందండీ!”

గడ్డీ, బంకమట్టీ కూరిన గోనెలు అందించారు. ఒకటి, రెండు, మూడు. నాలుగో గోనె తొక్కగానే సుడి ఆగింది. దారంలా సాగిన పొర మళ్ళీ చాపలా వెడల్పై, ఎటూ పోకుండా వెంకన్న చుట్టూ నిలబడింది. కాసేపటికి ఊరివైపు నుంచి కేక వినిపించింది, ఊట ఆగిపోయిందని. జీవరాజుగారు అలా బురదలోనే కూలబడ్డారు. కళ్ళల్లో నీళ్ళు వాటంతటవే వచ్చాయి.

ఆ తర్వాత ఆయనకి ట్యాంకు గుర్తొచ్చింది. జేబులోంచి సబ్బుముక్క తీసి జీపు కింద దూరబోయారు. భుజం మీద చెయ్యి పడింది. అబ్బాయిరాజుగారు.

“ముయ్యకండి బావా.”

“డీజిలంతా పోతోందండీ.”

“పోనివ్వండి. గట్టు ఇంకా మైలు పొడుగుంది. దాని కడుపులో ఇంకెన్ని కన్నాలున్నాయో మనకేం తెలుసు?”

జీవరాజుగారు తోలుతుంటే, బస్తాలు దింపిన జీపు కాలవ అంచు వెంట మనిషి నడకన కదిలింది. కారే డీజిల్ మట్టిలో ఇంకిపోకుండా, ఎవరో అరటిబోదె నుంచి పొడుగాటి డొప్ప ఒలిచి తెచ్చారు. ఆ డొప్ప ఒక కొస ట్యాంకు కింద, రెండో కొస నీళ్ళ మీద ఉండేలా పట్టుకుని, నడుం వంచి జీపు పక్కన నడిచినవారు అబ్బాయిరాజుగారే. వెనకాల ఊరంతా స్వామివారి రథం వెంట నడిచినట్టు నడిచింది. అందరి కళ్ళూ నీళ్ళ మీదే. రంగులు కదలకుండా పరుచుకున్న చోట ముందుకు సాగారు. ఒకచోట మళ్ళీ దారం కట్టి, తిరిగి, మునిగింది. వెంకన్న దిగాడు. గుప్పెడంత కన్నం, అప్పుడే నోరు తెరుస్తోంది. దాన్నీ మూశారు.

మూడొంతుల గట్టు అయ్యాక ఇంజను దగ్గి ఆగిపోయింది. ట్యాంకు ఎండిపోయింది.

అబ్బాయిరాజుగారు డొప్ప పక్కవాడి చేతికిచ్చి గట్టు దిగారు. చెరువుల దగ్గర, రొయ్యలకి గాలి ఆడేందుకు నీళ్ళు చిలికే ఇంజను ఉంది. వానాకాలం ఆ ఇంజను ఆగితే ఆ రాత్రికే రొయ్య తేలిపోతుంది, ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. దాని కోసం దాచుకున్న డీజిల్ క్యాను మోసుకుని, జారుతూ, లేస్తూ ఆయన పైకొచ్చారు.

“అది మీ చెరువులకి కదండీ,” అన్నారు జీవరాజుగారు, క్యాను పట్టుకుని.

అబ్బాయిరాజుగారు తుప్పుపట్టిన ట్యాంకుని ఒకసారి తాకి చేతిని కళ్ళకద్దుకున్నారు. తర్వాత మూత తిప్పి, క్యాను ఎత్తి, చుక్క మిగలకుండా ఆ కారే ట్యాంకులో పోసేశారు.

“పోనివ్వండి బావా,” అన్నారు డొప్ప మళ్ళీ అందుకుని. “మెల్లగా.”