జపాన్ బర్రె

సోమవారం చొప్ప బండి వస్తుందని, ఆలోగా కొట్టు ఖాళీ చేయమని దుర్గయ్య భార్య ఎల్లమ్మతో చెప్పించాడు. కొడుకు గోవర్ధన్‌తో ఆయనకు మాటల్లేవు మరి. ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులో బర్రెల మేత పోసుకునే కొట్టుని గోవర్ధన్ వీడియో గేముల దుకాణం చేసేశాడు. ఈ వానలకు బయట పోసిన చొప్పంతా కుళ్లిపోయింది.

గోవర్ధన్‌కు మిగిలిన ఆశ ఒక్కటే, జపాన్ కత్తి ఆట. తెర మీది అక్షరాలు ఒక్కటీ అర్థం కావు. అందుకని కథ తనే అల్లి చెప్పేవాడు. కత్తి వీరుడు, వాణ్ని మోసే కొమ్ముల జంతువు, కోటలో మంత్రగత్తె. సందు సందంతా ఆ కథకు బానిసైంది. ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఘట్టం పెట్టి, ఆ జనాన్ని చూపించి బాపు మనసు మార్చాలని గోవర్ధన్ పథకం.

బాపు వచ్చాడు. నాలుగు రోజులుగా వస్తూనే ఉన్నాడు. కొట్టు కొలుచుకోవడానికి వచ్చి తెర మీద జంతువును చూశాడు. దానికి కుడితి ఎవరు పెడుతున్నారని పక్కవాళ్లను అడిగాడు. ఇక కదల్లేదు.

ఆదివారం కొట్టు కిక్కిరిసింది. రిమోట్ ఆటో నడిపే బాలనర్సింహ చేతిలో ఉంది. కోట ముందు వంతెన మీద, వీరుడి మీదికొచ్చిన బల్లేన్ని జంతువు తన ఒంటి మీదికి తీసుకుని కూలబడింది. తెర మీద రెండు వరుసల అక్షరాలు వెలిగాయి. పైది నొక్కితే దాన్ని వదిలి కోటలోకి పోవడం, కిందిది నొక్కితే దాని దగ్గరే ఉండిపోవడం అని గోవర్ధన్ ప్రకటించాడు.

బాలనర్సింహ వేలు పైదాని మీదికి పోతుంటే దుర్గయ్య చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఇడిచిపెట్టి పోతవా? గింత దూరం మోసుకొచ్చింది గదరా."

ఆట ఆగిపోయింది. అది గీసిన బొమ్మని, దానికి నొప్పి ఉండదని గోవర్ధన్ నచ్చజెప్పాడు. కర్ర కదల్లేదు. జనం ఒక్కొక్కరే చాయ్‌కి జారుకుంటున్నారు. కిషన్‌బాగ్‌లో కొత్త దుకాణం పెట్టారట, అక్కడైతే ముసలోళ్లు ఉండరని ఎవడో వినపడేలా అన్నాడు. గోవర్ధన్ తల పేలిపోయింది.

"బాపు, గది ఉత్త బొమ్మనే. సస్తే నీకేంది?"

"మన నల్లబర్రె దూడ సచ్చినప్పుడు, దాని తోల్ల గడ్డి నింపి తల్లి ముంగట నిలవెట్టిన. యాదికుందా? నాకుకుంట పాలిచ్చింది. గప్పుడు బొమ్మ అని నువ్వు నవ్వలే. ఏడ్చినవ్."

గోవర్ధన్ రిమోట్ లాక్కుని కిందిది నొక్కాడు. దాని అర్థం కూడా తను అల్లిందేనని వాడొక్కడికే తెలుసు.

వీరుడు కత్తి పక్కన పెట్టి కూర్చున్నాడు. జంతువు తలను ఒళ్లో పెట్టుకున్నాడు. మంచు కురుస్తోంది. అది కాసేపు ఊపిరి తీసి, మానేసింది. కోట తలుపు దానంతటదే తెరుచుకుంది. బాలనర్సింహ రిమోట్ మళ్లీ తీసుకుని జపానోళ్లను తిట్టుకుంటూ మంత్రగత్తెను చంపేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. చాయ్‌కి పోయినవాళ్లు కూడా గుమ్మంలో నిలబడి జంతువు గురించే మాట్లాడుకుంటున్నారు.

దుర్గయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చొప్ప బర్రెల కొట్టం వెనక దింపిస్తానని, తడవకుండా పైన తాడిపత్రి పట్టా కప్పుతానని గోడకు చెప్పినట్టు చెప్పాడు. గోవర్ధన్ హమ్మయ్య అనుకునేలోపే కర్ర తెర వైపు తిరిగింది.

"మల్ల సురూ నుంచి పెట్టు. అది బతికున్నంత వరకే ఆడుండ్రి. రోజూ మధ్యాహ్నం వస్త."

ఉన్నది ఒక్క టీవీ, ఒక్క మిషిను. గిరాకీ ఉండేది మధ్యాహ్నమే. గోవర్ధన్ ఆ మాట అనబోయాడు. ముందు బెంచి మీద దుర్గయ్య అప్పటికే కాళ్లు మడిచి కూర్చున్నాడు.