జిగురు ఆరేదాకా

ఆ వీధిలో అందరూ ఆమెను అద్దాలమ్మ అనే పిలుస్తారు. కార్ల అద్దాలు బిగించే ఆ షెడ్డు మామగారిది. ఆయన పోయాక పని ఆమె చేతికి వచ్చింది, గిరాకీలతో మాట్లాడడం ఆడపడుచు నోటికి వచ్చింది. భర్త దూరపు ఊళ్ళకు బస్సు నడుపుతాడు. షెడ్డులో గొడవలు ఆయన చెవిన పడేసరికి చల్లారిపోతాయి, లేదా చల్లారిపోయాయని ఆయన అనుకుంటాడు.

ఇదివరకటి కార్లతో ఇంత తంటా ఉండేది కాదు. వెనక తలుపుకు రేకు చట్రం ఉండేది, అద్దం అందులో కూర్చునేది. ఈమధ్య వచ్చే కొన్ని చిన్న కార్లకు ఆ చట్రమే లేదు. అద్దమే తలుపు. దాన్ని పైకెత్తడానికి రెండు ఉక్కు మడతబందులు, పట్టుకోవడానికి ఒక పిడి, అన్నీ అద్దానికి అతికించాల్సిందే. బెజ్జం పెట్టి బోల్టు వేద్దామా అంటే, డ్రిల్లు ముట్టుకోగానే ఆ అద్దం పంచదార పలుకుల్లా రాలిపోతుంది.

రొట్టెల షాపాయన కారు అలాంటిదే. వెనక అద్దం ఎత్తి రొట్టెల ట్రేలు పెట్టుకుంటాడు. ఒక మడతబందు ఊడి, అద్దం పక్కకి ఒరిగిపోతే, తాడుతో కట్టుకుని వచ్చాడు.

"దీనికేముందండీ, సాయంత్రానికి ఇచ్చేస్తాం," అంది ఆడపడుచు, కారు వంకైనా చూడకుండా.

మాట ఇచ్చేశాక ఇంకేం చేస్తుంది? అద్దాలమ్మ చిటికెలో పట్టేసే చుక్క జిగురుతో మడతబందు అతికించి ఇచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. రొట్టెలాయన అద్దం ఎత్తబోతే టక్కుమని మళ్ళీ ఊడి వచ్చింది. రెండో చెయ్యి అడ్డం పెట్టబట్టి అద్దం బతికింది. ముఖం కందగడ్డలా చేసుకుని షెడ్డుకు వచ్చాడు.

"ఏమ్మా, జిగురు పెట్టారా, ఉమ్మి పెట్టారా?"

అద్దాలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఈసారి ముందు పరీక్ష చేసి గానీ కారు ముట్టుకోననుకుంది. షెడ్డు వెనక పడి ఉన్న పాత అద్దాలు తెచ్చి, పాత మడతబందులు అతికించి, ఎండలో పెట్టింది, చన్నీళ్ళు పోసింది, ఇసుక సంచి వేలాడదీసింది.

రెండు గొట్టాల మందు కలిపితే రాయిలా బిగుసుకునే జిగురు మొదట గెలిచినట్టే కనిపించింది. సంచి కట్టినా కదల్లేదు. తీరా ఎండలో కాలిన అద్దం మీద నీళ్ళు పడేసరికి మడతబందు ఊడింది, దానితోపాటు గోరంత అద్దం పెంకు కూడా లేచి వచ్చింది. ఎండ వేడికి ఉక్కు సాగినంత అద్దం సాగదు. మధ్యలో జిగురు మొండికేస్తే అద్దమే విరగాలి. పోనీ మెత్తగా ఉంటుందని సిలికాన్ పెట్టింది. అది వదల్లేదు కానీ, సంచి బరువుకు మడతబందు నిద్రమత్తులో ఉన్నవాడిలా కిందికి జారిపోయింది. అలా జారిన తలుపు ఏ కారుకు సరిగ్గా మూసుకుంటుంది?

ఆడపడుచు ఊరుకోలేదు. ఎక్కడో విని, నీలం దీపం వెలుగు పడితే గట్టిపడే జిగురు కొనుక్కొచ్చింది.

"చూడు వదినా! ఇలా దీపం పెట్టడం, అలా తీసెయ్యడం. నువ్వేమో రోజుల తరబడి సంచులు వేలాడదీస్తున్నావు."

మామూలు అద్దం ముక్క మీద నిజంగానే బ్రహ్మాండంగా పట్టింది. అద్దాలమ్మ కూడా సంబరపడింది. కారు అద్దం మీద పెట్టి, దీపం ఆర్పి, వేలితో నొక్కితే మడతబందు నూనెలో తేలినట్టు జారింది. అప్పుడు వెలిగింది ఇద్దరికీ. కారు అద్దానికి చుట్టూ నల్లరంగు అంచు ఉంటుంది. మడతబందు కూర్చునేది సరిగ్గా ఆ నలుపు మీదే. వెలుగు అటునుంచి ఇటు దూరదు.

"ఈ నల్లరంగు గీకేద్దామా?" అంది ఆడపడుచు.

"నా తల గీకు ముందు," అంది అద్దాలమ్మ. అని, స్టూలు మీద కూలబడి, ఆ జిగురు గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు కానీ వస్తే బాగుండనిపించింది.

చివరికి ఒకటి కుదిరింది. అదీ రెండు మందులు కలిపేదే, కానీ ఆరాక కూడా కాస్త రబ్బరు గుణం పోనిది. అద్దం శుభ్రంగా తుడవాలి, ఉక్కుకు ముందు ఒక పూత పూయాలి, జిగురంతా పిండుకుపోకుండా మధ్యలో సన్నని గాలం దారం ముక్కలు పెట్టాలి, క్లాంపులతో బిగించి మర్నాటిదాకా ముట్టుకోకూడదు. పాత అద్దం మీద ఎండకూ, నీళ్ళకూ, సంచికీ నిలబడింది. అప్పుడుగానీ రొట్టెలాయన కారు మీద చెయ్యి వెయ్యలేదు. క్లాంపులు బిగించి, "రేపటిదాకా దీని జోలికి పోకు," అని ఆడపడుచుకు చెప్పి, వేరే వాళ్ళ అద్దం కొలతలు తీసుకురావడానికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి క్లాంపులు బల్ల మీద ఉన్నాయి. కారు లేదు.

"ఆయన వచ్చి నెత్తిన కూర్చున్నాడు వదినా. ముట్టుకుని చూశాను, చేతికి అంటలేదు. ఆరినట్టే కదా?"

"పైన ఆరింది! లోపల పచ్చిగానే ఉంటుంది!"

ఒళ్ళు మండిపోతున్నా అరవడానికి కూడా ఆగలేదు. క్లాంపులు సంచిలో వేసుకుని రెండు వీధుల అవతల ఉన్న రొట్టెల షాపుకు పరుగులాంటి నడక నడిచింది. ఆయన ఒక చేత్తో ట్రే పట్టుకుని, రెండో చెయ్యి పిడి మీద వేశాడు.

"ఎత్తకండి! ఎత్తకండి!"

"మళ్ళీ ఏమైందమ్మా?"

ఆమె బొటనవేలితో మడతబందును నొక్కి చూపింది. కాస్త పక్కకి జరిగింది. ఆయన నోరు తెరుచుకుని చూశాడు.

"ఇది ఇక పనికిరాదండీ. ఒకసారి కదిలితే మళ్ళీ అతుక్కోదు. మొత్తం గీకి కొత్తగా పెట్టాలి. తప్పు మాదే."

"మీ జిగురు ఆరేదాకా నా రొట్టెలు ఆగుతాయా?"

"పక్క తలుపులోంచి పెట్టుకోండి ఇవాళ్టికి. అద్దం పగిలి ఎవరి కాలి మీదైనా పడితే?"

ఆయన గొణుక్కుంటూనే ట్రే దించాడు. రొట్టెలు ఇచ్చొచ్చాక, గొణుక్కుంటూనే కారు మళ్ళీ షెడ్డుకు తెచ్చి వదిలాడు.

బ్లేడుతో సగం ఆరిన జిగురు గీకడం ఎంత చికాకో గీకినవాళ్ళకే తెలుస్తుంది. పూర్తిగా పచ్చిదైతే తుడుచుకుపోతుంది, పూర్తిగా ఆరితే పెళ్ళగిస్తే వస్తుంది. ఇది రెండూ కాదు, బ్లేడును పట్టుకుని సాగుతుంది. మోచెయ్యి లాగేస్తుంటే మధ్యలో భర్తకు ఫోన్ చేసింది.

"పోనీలే, అది చిన్నపిల్ల. నువ్వే సర్దుకో," అన్నాడాయన బస్సు హారన్ల మధ్యనుంచి.

నలభై దాటిన ఆ చిన్నపిల్ల గుమ్మంలో ముఖం మాడ్చుకుని కూర్చుని ఉంది. అద్దాలమ్మ ఫోన్ పెట్టేసింది. మళ్ళీ తుడిచి, పూత పూసి, దారం ముక్కలు పరిచి, జిగురు పెట్టి బిగించింది. షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి తన సంచిలో పడేసుకుంది. ఆడపడుచు చెయ్యి చాపితే చూడనట్టు నడిచింది.

మర్నాడు క్లాంపులు తీసి, పిడికి ఇసుక సంచి కట్టింది. వేణ్ణీళ్ళు పోసింది, చన్నీళ్ళు పోసింది. మడతబందు ఉలకలేదు, పలకలేదు. రొట్టెలాయన తనే ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూసుకున్నాడు. మెచ్చుకోలేదు కానీ తిట్టలేదు. వెళ్తూ ఒక రొట్టె బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఆడపడుచు ఎక్కడికో వెళ్ళి వచ్చింది. బల్ల మీద కాగితం పొట్లం విప్పింది. నాలుగు కొత్త క్లాంపులు.

"ఒకేసారి రెండు కార్లు పెట్టుకోవచ్చని," అంది ఎటో చూస్తూ. "ఎలాగూ ఆరేదాకా ఆగాలి కదా."

అద్దాలమ్మ ఒకటి తీసుకుని అద్దం అంచుకు పెట్టి చూసింది. క్లాంపు నోరు చాలలేదు. మడతబందూ అద్దమూ కలిపితే ఆ సందులో పట్టవు. నాలుగూ అంతే.

"కొలత చూడలేదా?"

"క్లాంపులకు కూడా కొలతలుంటాయా?"

అద్దాలమ్మ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. తరవాత పొట్లం మళ్ళీ చుట్టి చంకన పెట్టుకుంది.

"పద. కొట్టు మూసెయ్యకముందే మార్చుకొద్దాం. అక్కడ నువ్వు మాత్రం నోరెత్తకు."

"బేరం ఎవరు ఆడతారు మరి?" అంటూ ఆడపడుచు చెప్పులు వేసుకుంది.