లొరైన్ రాసిన మద్దతు ఉత్తరం

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. లొరైన్ మాత్రం కీడెంచడంతోనే అలిసిపోయేది. మేలు దాకా వెళ్లే ఓపిక ఆవిడకి ఏనాడూ మిగిలేది కాదు.

ఆవిడ కూతురు టామ్సిన్ హార్క్‌బీ ఆసుపత్రిలో నర్సు. అక్కడ కార్లు పెట్టుకునే చోటు ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందటి అవసరానికి కట్టింది. పొద్దున్న ఏడింటికే నిండిపోతుంది. టామ్సిన్ తన కారుని పశువుల సంత వెనకాల వదిలేసి, రైలు కట్ట కింది సొరంగంలోంచి పావుగంట నడిచి డ్యూటీకి వెళ్తుంది. చలికాలంలో నాలుగింటికే చీకటి పడుతుంది. ఆ సొరంగంలో దీపం వెలిగేది తక్కువ, నీళ్లు కారేది ఎక్కువ. కూతురు ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పిన చప్పుడు వినబడేదాకా లొరైన్ టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడేది. టీ చల్లారేది గానీ ఆవిడ గుండె చల్లారేది కాదు.

అలాంటిది ఓ రోజు ఆసుపత్రి వీధిలో దీపస్తంభానికి పసుప్పచ్చ కాగితం కట్టి ఉంది. పక్కనున్న గడ్డి మైదానంలో నూట నలభై కార్లకు పార్కింగ్ కడతామని ఆసుపత్రి వాళ్లు కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టుకున్నారట. ఇరవై ఒక్క రోజుల్లోగా ఎవరైనా అభిప్రాయం రాయొచ్చట. లొరైన్ వానలో తడుస్తూ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఇంటికెళ్లి నాలుగు పేజీల ఉత్తరం రాసింది.

'ఈ పార్కింగ్ తప్పకుండా కట్టాలి' అన్నది అందులో మొదటి వాక్యం. ఆ తర్వాత, తెలిసీ చెప్పకపోతే పాపం కదా అని, ఏమేం జరగొచ్చో కూడా రాసింది. దీపాలు పెట్టకపోతే డ్యూటీ దిగొచ్చే ఆడపిల్లల గతేమిటి? మంచు గడ్డకట్టి కాలు జారి తల పగిలి చనిపోతే? వాననీళ్లు నిలిచి కారు తేలిపోతే? మలుపులో అంబులెన్సు ఎదురొస్తే? గేటు కర్ర నెత్తిన పడితే? అలా పదమూడు భయాలు. పద్నాలుగోది విమానం కూలడం గురించి. దాన్ని టామ్సిన్ పట్టుబట్టి కొట్టేయించింది.

కౌన్సిల్ ఆఫీసులో ఆ ఉత్తరం విప్పినవాళ్లు నాలుగు పేజీలూ చదివారు. చదివి, మరో ఆలోచన లేకుండా అభ్యంతరాల్లో వేసేశారు. తొమ్మిది అభ్యంతరాల దాకా అయితే దరఖాస్తు ఒక అధికారి బల్ల మీదే తేలిపోతుంది. పదోది వచ్చిందంటే కౌన్సిలర్ల కమిటీ ముందుకు వెళ్లి తీరాలి. లొరైన్‌ది పదోది.

'మీ అభ్యంతరానికి ధన్యవాదాలు' అని జవాబు రాగానే ఆవిడ ఫోను తీసుకుంది.

"అమ్మాయ్, నాది అభ్యంతరం కాదు. మద్దతు."

అవతల గెయిల్ అనే అధికారిణి కాగితాలు తిరగేసింది. "ఇందులో 'చనిపోతే' అన్న మాట ఆరుసార్లు ఉందండీ."

"జాగ్రత్త కోసం రాశాను."

"మద్దతు ఉత్తరాల్లో మామూలుగా ఒక్కసారి కూడా రాయరండీ."

తీరా చూస్తే కమిటీ తేదీ ఖరారైపోయింది. కమిటీ ముందు మద్దతు తరఫున మాట్లాడడానికిచ్చే మూడు నిమిషాలూ ఆసుపత్రి వాళ్లు తీసేసుకున్నారు. మిగిలింది అభ్యంతరం వాళ్ల మూడు నిమిషాలే. "మీవాళ్లు ఒప్పుకుంటే అందులో మీరు మాట్లాడొచ్చు" అంది గెయిల్.

"మావాళ్లా? మావాళ్లెవరు తల్లీ?"

వాళ్లెవరో మర్నాడే తెలిసింది. తలుపు తీస్తే ఎదురుగా ఓక్లీగారు, చేతుల్లో ఎండుద్రాక్ష కేకు. మైదానాన్ని ఆనుకున్న చివరి ఇల్లు ఆయనదే. నలభై ఏళ్లు సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. పార్కింగ్ వద్దన్న మిగతా తొమ్మిది మందికీ ఆయనే పెద్ద.

"మీ ఉత్తరం కౌన్సిల్ వెబ్‌సైట్లో చదివామండీ. నా సర్వీసులో ఇంత గట్టి అభ్యంతరం చూడలేదు. ఆ నీళ్ల సంగతి మాకెవరికీ తట్టనే లేదు. మా అందరి తరఫునా మీరే మాట్లాడాలి."

అప్పుడే నిజం చెప్పేస్తే పోయేది. కానీ కేకు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషిని కాదనడం హార్క్‌బీలో ఎవరికీ చేతకాదు. ముందు లోపలికి రమ్మనాలి, టీ పెట్టాలి, కేకు కొయ్యాలి, బాగుందనాలి. ఇవన్నీ అయ్యేసరికి ఆయన రెండో కప్పు కూడా తాగేసి, "మాట ఇచ్చినట్టే" అని టోపీ పెట్టుకున్నాడు.

టామ్సిన్ ఆ కేకే తింటూ సంగతంతా వింది. "ఊరు మొత్తం మీద నాకు పార్కింగ్ రాకుండా అడ్డుపడింది పది మందమ్మా. అందులో నువ్వొకదానివి."

"కడుపున పుట్టినదానివని కదే రాశాను."

"ఇంకో కడుపున పుట్టుంటే ఈపాటికి కారు పెట్టుకునేదాన్ని."

కమిటీ సాయంత్రం ఆరింటికి. పదకొండు మంది కౌన్సిలర్లు, మధ్యలో అధ్యక్షురాలు. మాట్లాడే బల్ల మీద చిన్న దీపాల పెట్టె. పచ్చ వెలిగితే మాట్లాడాలి, ఎరుపు వెలిగితే ఆపాలి. ఆసుపత్రి పెద్దమనిషి బొమ్మలు చూపించి కూర్చున్నాక లొరైన్‌ని పిలిచారు. వెనక వరసలో ఓక్లీగారి బృందం కళ్లలో వత్తులేసుకుని చూస్తోంది.

లొరైన్ రాసి తెచ్చుకున్న కాగితం మడిచి సంచిలో పెట్టేసింది. సొరంగం గురించి చెప్పింది. కిటికీ గురించి చెప్పింది. "ఆ పిల్ల రోజంతా పరాయివాళ్ల ప్రాణాలు చూసుకుని ఒక్కత్తే నడిచొస్తుందండీ. ఈ పార్కింగ్ కట్టాలి."

వెనక ఓ కుర్చీ కిర్రుమంది.

అధ్యక్షురాలు కళ్లజోడు సర్దుకుంది. "మీరు అభ్యంతరం తరఫున కదా కూర్చున్నారు?"

"కూర్చోవడం అక్కడే కూర్చున్నానండి."

"మరి కావాలంటున్నారా, వద్దంటున్నారా?"

"కావాలనే అంటున్నానండి. కావాలంటూనే భయపడుతున్నాను. నా పెళ్లప్పుడూ ఇంతే."

కౌన్సిలర్లు నవ్వారు. లొరైన్ నవ్వలేదు. పదమూడు భయాలూ వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదకొండో దాని దగ్గర ఎర్ర దీపం వెలిగింది. అయినా అధ్యక్షురాలు కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది. అంతా అయ్యాక గెయిల్ లేచింది. "ఇందులో తొమ్మిదింటిని అనుమతికి షరతులుగా పెట్టొచ్చండీ. దీపాలు, మురుగు కాలువ, మంచు కరగడానికి ఉప్పు, మలుపులో ఎదురొచ్చే బండి కనబడే అద్దం... నిజానికి మేమే అడగాల్సినవి."

ఆరుగురు చేతులెత్తారు, ఐదుగురు ఎత్తలేదు. తొమ్మిది షరతులతో అనుమతి దొరికింది.

బయట మెట్ల మీద ఓక్లీగారు ఎదురుపడ్డాడు. లొరైన్‌కి భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"మా కేకు అరిగిందా?" అన్నాడు ఆయన.

"అరగలేదండీ. ఆరోజే చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే." టోపీ సర్దుకుని, "కట్టడం ఎప్పటికి అవుతుందట?" అన్నాడు.

"పదిహేను నెలలట."

అంటే ఇంకో చలికాలం ఆ సొరంగమే. ఓటు గెలిచిన దగ్గర్నుంచీ ఆవిడ గుండెలో రాయిలా కూర్చుంది ఈ లెక్కే. ఓక్లీగారు చేతికర్రతో మెట్టుని రెండుసార్లు పొడిచాడు.

"చూపు తగ్గి నా కారు అమ్మేశాను. ఇంటి ముందు జాగా ఖాళీగానే ఉంది. ఆసుపత్రి గేటుకి వంద అడుగులు. మీ అమ్మాయిని అక్కడ పెట్టుకోమనండి. ఆ పార్కింగ్ నాకిప్పటికీ ఇష్టం లేదు, అది వేరే సంగతి."

లొరైన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కృతజ్ఞత చెప్దామనే నోరు తెరిచింది. "అక్కడ దీపం ఉందాండీ?" అన్న మాట వచ్చింది.

"ఉంది."

"నేల వాలుగా ఉంటుందా?"

"కొంచెం."

"మరి మంచు పడితే?"

"ఉప్పు చల్లుతాను."

"చల్లుతూ మీరు జారిపడితే?"

ఓక్లీగారు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "సరే," అన్నాడు చివరికి, "ఉప్పు మీ అమ్మాయినే చల్లమనండి. నర్సు కదా, తను పడినా పక్కనే ఆసుపత్రి."

లొరైన్‌కి ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి ఆ మాట చాలు. అయినా బస్సెక్కగానే కూతురికి ఫోను చేసి, "రేపు సంత వెనక పెట్టకే" అంది.